అందింది సరే, తిన్నావా?

చిన్నా,

దసరాకి మాట్లాడావు, మళ్ళీ ఫోన్ లేదు. పని ఎక్కువై ఉంటుందంటారు మీ నాన్న. సరే అన్నాను. నిన్న సుధ పిన్ని వచ్చి, ఉఖియా రోహింగ్యా శరణార్థి క్యాంపుల నీళ్ళ లెక్క మీద మీ మేనేజర్‌తో నీకు మాటా మాటా వచ్చిందనీ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నావనీ, శ్రావణితో నువ్వే అన్నావనీ చెప్పి, కాఫీ తాగి వెళ్ళింది. శ్రావణికి చెప్పడానికి తీరిక దొరికిందన్నమాట. అదేం అడగనులే. ఆ మధ్య మీ పని ఫలితాల్ని కొలిచే ఇండికేటర్ల పట్టిక పంపి చూడమన్నావు కదా, అది చూశాను. దాని గురించే ఈ ఉత్తరం.

ముందు పచ్చడి సంగతి. విజయగారి అల్లుడు ఢాకా వస్తుంటే పంపిన గోంగూరకి "అందింది" అని ఒక్క ముక్క పెట్టావు. అందింది సరే, తిన్నావా? ఆఫీసులో పంచేశావా? పైన నూనె తేలక బూజు పట్టిందా? నీ పట్టికలో మొదటి వరసలన్నీ ఈ బాపతే. పంచిన సబ్బులెన్ని, బిగించిన పంపులెన్ని, శిక్షణకి ఎంతమంది వచ్చారు అని. ఇవి ఔట్‌పుట్లు, అంటే మీరు చేసిన పని లెక్క. డోనర్‌కి కావాలి కాబట్టి తీసెయ్యమనను. ఔట్‌కమ్‌లు, అంటే ఆ పనివల్ల జనానికి వచ్చిన మార్పు, వెతికితే రెండే కనిపించాయి. అందులో ఒకటి "సేవల పట్ల సంతృప్తి చెందిన కుటుంబాల శాతం". చేతిలో ట్యాబ్‌తో, మెడలో సంస్థ బ్యాడ్జితో గుడిసె ముందు కూర్చున్న మనిషితో మీ సాయం బాగోలేదని ఎవరంటారురా? రేపు వచ్చే సాయం కూడా ఆగిపోతుందేమోనన్న భయం ఉంటుంది. ఆ ప్రశ్నకి అందరూ బాగుందనే చెబుతారు. అది కొలత కాదు, మర్యాద.

దాన్ని కొట్టేసి ఇలా రాయి: "గత 24 గంటల్లో నింపిన తాగునీటి పాత్రలో క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు, లేదా అంతకంటే ఎక్కువ ఉన్న కుటుంబాల శాతం." పక్క గడుల్లో లవం ఏది, హారం ఏది, ఎవరు కొలుస్తారు, నెలకెన్నిసార్లు, దేనితో, బేస్‌లైన్, అంటే పని మొదలవకముందు అంకె, ఎంత అన్నీ రాయి. హారం దగ్గరే అందరూ తప్పు చేస్తారు. వెళ్ళినప్పుడు ఇంట్లో నిల్వ నీళ్ళే లేకపోతే అది సున్నా క్లోరిన్ కాదు. దానికి వేరే కోడ్ పెట్టు, హారంలోంచి తీసెయ్. అలాంటి ఇళ్ళు ఎక్కువగా తగిలితే నీళ్ళే చాలడం లేదని అర్థం. అప్పుడు మనిషికి రోజుకి 15 లీటర్లు, ఒక కుళాయి పంపుకి 250 మంది అన్న స్ఫియర్ ప్రమాణాల (సాయం చేసే సంస్థలు పెట్టుకున్న కనీస కొలతలు) దగ్గరికి వెళ్ళి చూసుకో. ఆ 250 కూడా పంపు నిమిషానికి 7.5 లీటర్లు పోస్తేనే. సన్నగా కారే పంపుని కూడా పంపు కింద లెక్కేసి "లక్ష్యం పూర్తి" అని రాసేవాళ్ళున్నారు. బకెట్ పెట్టి, గడియారం చూసి కొలవమను.

క్లోరిన్ పరీక్ష ఎన్యూమరేటర్లకి, అంటే ఇంటింటికీ వెళ్ళి వివరాలు రాసుకునేవాళ్ళకి, ఒకసారి చూపించి వదిలెయ్యకు. సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు కడగాలి. 10 మిల్లీలీటర్ల గీత దాకా పోసి, క్లోరిన్ ఉంటే నీళ్ళని గులాబీ చేసే డీపీడీ బిళ్ళ వెయ్యాలి. బిళ్ళ వేలికి తగలకుండా రేకులోంచే తిన్నగా పడాలి. కరగగానే, ఆలస్యం చెయ్యకుండా, గులాబీ రంగుని పక్కనున్న రంగులతో పోల్చాలి. ఎండకి ఎదురుగా పట్టుకుని చూస్తే రంగు తేలిపోయి తక్కువ చదువుతారు. నీడలో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడమను. పరీక్ష పంపు దగ్గర ఒకటి, అదే పంపు నీళ్ళు తాగే ఇంట్లో కలశిలో, అంటే బిందెలో, ఒకటి చేసి, రెండూ జతగా రాసుకోవాలి. పంపు దగ్గర బాగుండి కలశిలో సున్నా వస్తే మధ్యలో ఏదో జరిగినట్టే. మూత లేని కలశి కావచ్చు, గ్లాసుతో పాటు చెయ్యి ముంచడం కావచ్చు, లోపల పాచి పట్టిన ప్లాస్టిక్ డబ్బా కావచ్చు, ఎండలో గంటలకొద్దీ నిల్వ ఉంచడం కావచ్చు. నువ్వు తేల్చిందీ, మీవాళ్ళకి నచ్చనిదీ ఇదే లెక్క అని పిన్ని మాటల్ని బట్టి నాకు అర్థమైంది. దాని సంగతి తర్వాత రాస్తాను. ఇంతకీ నువ్వు తాగేది ఏ నీళ్ళు? కాచి తాగు. ఫిల్టర్ ఉందని ఊరుకోకు.

ఇక శాంపిల్. 96 కుటుంబాలని రాశావు. 95 శాతం నమ్మకంతో, పది శాతం అటూ ఇటూ అయినా పర్వాలేదనుకుంటే 96 చాలు. ఐదు శాతమే కావాలంటే 384. కానీ ఆ 96నే తర్వాత నాలుగు క్యాంపులకి విడగొట్టి, ఫలానా క్యాంపు వెనకబడిందని రిపోర్టులో రాస్తానంటే ఒప్పుకోను. ఒక్కో క్యాంపుకి 24 ఇళ్ళతో ఏమీ తేలదు. క్యాంపులవారీగా చెప్పాలంటే ఒక్కోదానికి విడిగా 96 కావాలి. బ్లాకులు ఎంచుకుని వాటిలో ఇళ్ళు తీసుకుంటే ఇరుగుపొరుగు ఇళ్ళు ఒకేలా ఉంటాయి కాబట్టి శాంపిల్ రెట్టింపు చెయ్యాలి. తలుపు వేసి ఉన్న ఇళ్ళ కోసం పైన పది శాతం కలుపు.

ఇళ్ళ జాబితా మాఝీ (క్యాంపు బ్లాకు పెద్ద) చేతి నుంచి మాత్రం తీసుకోకు. ఆయన మంచివాడే అయినా ముందు తన మనుషుల గుమ్మాలే చూపిస్తాడు. గుడిసెల నంబర్లు తీసుకో. 1,200 ఇళ్ళుంటే ప్రతి పన్నెండోది. ఎక్కడ మొదలెట్టాలో ఒకటి నుంచి పన్నెండు లోపు చీటీ తీసి తేల్చుకో. ఇంకోటి. పంపిణీ తర్వాత చేసే పీడీఎం సర్వే శాంపిల్‌ని సాయం అందుకున్నవాళ్ళ జాబితా నుంచే తీస్తారు. అందనివాళ్ళు అందులో ఉండరు కదా! నడవలేని ముసలమ్మ, చంటిపిల్లతో ఒంటరిగా ఉన్న ఇల్లాలు, కొత్తగా వచ్చి ఇంకా పేరెక్కనివాళ్ళు ఏ ప్రశ్నలోనూ కనిపించరు. అందుకే శాంపిల్‌లో పడ్డ ప్రతి ఇంటికీ అటు రెండు, ఇటు రెండు ఇళ్ళు చూసి, అందనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగించు. ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉందని సంబరపడి గ్రాఫ్ పెట్టావు. పెట్టె మాఝీ గుడిసె పక్కన ఉంది, చదవడం రానివాళ్ళు ఎక్కువ. ఆడవాళ్ళ దగ్గరికి ఆడ ఎన్యూమరేటర్లని పంపు, నోటితో చెప్పే దారి చూపించు.

పీడీఎం పంపిణీ అయిన రెండు నుంచి నాలుగు వారాల్లో చెయ్యి. మర్నాడే వెళితే ఇంకా ఎవరూ వాడరు, రెండు నెలలాగితే గుర్తుండదు. సబ్బు మనిషికి నెలకి 250 గ్రాములు ఒంటికి, 200 గ్రాములు బట్టలకి. అది బజార్లో కనిపిస్తే అమ్ముకున్నారని ఎవరినీ తిట్టకు. అమ్మి చేపలు కొన్నారంటే ఆ ఇంట్లో చేపల అవసరం సబ్బు కంటే పెద్దది. అది నీ రిపోర్టులో ఉండాల్సిన మాట.

నువ్వున్న దేశంలోనే జరిగిన సంగతి ఒకటుంది, చదివే ఉంటావు. అయినా చెబుతాను. 1970ల నుంచి బంగ్లాదేశ్ పల్లెల్లో ప్రభుత్వం, యూనిసెఫ్ చేతి పంపుల బోర్లు వేయించాయి. చెరువు నీళ్ళు తాగి పిల్లలు విరేచనాలతో పోతున్నారు, కాబట్టి ఆలోచన సరైనదే. తర్వాత జనమే సొంత డబ్బుతో లక్షల్లో వేసుకున్నారు. 1990లు వచ్చేసరికి పల్లె జనంలో నూటికి 97 మంది బోరు నీళ్ళే తాగుతున్నారని గర్వంగా రాసుకునేవారు. అంకె నిజమే. నీళ్ళు చల్లగా, తేటగా ఉండేవి. ఎవరూ అబద్ధం రాయలేదు. పరీక్షల జాబితాలో ఆర్సెనిక్ లేదు, అంతే. 1983లోనే కలకత్తాలో చర్మవైద్యుడు కె.సి. సాహా పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళ ఒంటి మీద మచ్చలు చూసి ఆర్సెనిక్ అని పట్టుకున్నారు. ఛాతీ మీద వానచినుకులు పడ్డట్టు మచ్చలు, అరచేతుల్లో, అరికాళ్ళలో గట్టి పొక్కులు. సరిహద్దు అవతలా అదే మట్టి, అదే డెల్టా. అయినా బంగ్లాదేశ్ బోరు నీటిలో ఆర్సెనిక్ ఉందని తేలింది 1993లో, చపాయ్ నవాబ్‌గంజ్‌లో. ఒంట్లో చేరిన ఆర్సెనిక్ బయటపడడానికి ఏళ్ళు పడుతుంది. విరేచనాల కేసులు మాత్రమే లెక్కేసే పట్టికలో అది ఎన్నాళ్ళయినా కనిపించదు. నల్గొండ ఫ్లోరైడ్ చూసిన మనకి ఇది వేరే చెప్పాలా? 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో దీన్ని భోపాల్ కంటే పెద్దదని రాశారు. ప్రమాదంలో ఉన్నది మూడున్నర కోట్ల నుంచి ఏడు కోట్ల డెబ్భై లక్షల మంది అన్నారు. తర్వాత దాదాపు 50 లక్షల బోర్లు పరీక్షించి, లీటరుకి 50 మైక్రోగ్రాములు దాటినవాటి గొట్టాలకి ఎర్ర రంగు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు పూశారు. 14 లక్షలకు పైగా ఎర్రవే. ఆ తర్వాత రంగు వెలిసిపోయింది. పరీక్షలేని కొత్త బోర్లు మళ్ళీ పడ్డాయి. ఒకసారి కొలిచి వదిలేస్తే ఇంతే.

ఇదంతా ఎందుకు ఎత్తానంటే, కలశిలో క్లోరిన్ కొలిచినందుకు నీకు తిట్లు పడ్డాయని విన్నాను కాబట్టి. కొలిచి మంచిపనే చేశావు. చెప్పిన తీరు ఎలాంటిదో నాకు తెలీదు గానీ, నీది మీ తాతయ్య నోరు. బాగాలేని అంకెని పెద్ద మీటింగులో, డోనర్ మనిషి ఎదురుగా మొదటిసారి చూపిస్తే ఎవరికైనా కోపమే వస్తుంది. ముందు నీళ్ళ ఇంజినీర్ దగ్గర ఒంటరిగా కూర్చో. జతల పట్టిక చూపించు. కారణాలు ఆయన నోటినుంచే రానీ. క్లోరిన్ మోతాదు పెంచాలా, పెంచితే వాసనకి జనం మళ్ళీ చెరువు నీళ్ళకి పోతారా, ఇరుకు మూతి పాత్రలు ఇవ్వాలా, డబ్బాలు కడిగించాలా అన్నది ఆయనే తేల్చాలి. ఏదో ఒకటి చేశాక రెండు వారాలకి అవే బ్లాకుల్లో మళ్ళీ కొలువు. అప్పుడు రిపోర్టులో పాత అంకె, చేసిన మార్పు, కొత్త అంకె మూడూ పక్కపక్కన పెట్టు. అంకె మార్చమంటే మాత్రం మార్చకు. ఉద్యోగం మానడం తర్వాత సంగతి.

రోజూ రాత్రి కోబో (ట్యాబ్‌లో సర్వే నింపే యాప్) డేటా తెరిచి చూస్తున్నావా? చివర్లో ఒకేసారి శుభ్రం చేద్దామనుకుంటే ఏ తప్పూ దిద్దలేవు. అరగంట పట్టాల్సిన ఇంటర్వ్యూ ఆరు నిమిషాల్లో అయిపోయిందేమో, ఒకే ఎన్యూమరేటర్ ఇళ్ళన్నిటిలో సరిగ్గా ఐదుగురే ఉన్నారేమో, జీపీఎస్ చుక్కలన్నీ ఒకే టీకొట్టు మీద పడ్డాయేమో చూడు. వందకి ఐదు నుంచి పది ఇళ్ళకి ఇంకో మనిషిని పంపి రెండు మూడు ప్రశ్నలు మళ్ళీ అడిగించు. ప్రశ్నలు తొంభై ఉన్నాయి, సగం కొట్టెయ్. జవాబు వచ్చాక దాంతో ఏం చేస్తావో చెప్పలేని ప్రశ్న ఉండకూడదు. ముఖ్యంగా పేర్లు, వేలిముద్రలు, మయన్మార్‌లో ఏ ఊరు అన్నవి నీ ఫారంలో ఎందుకు? శరణార్థుల వివరాలు వాళ్ళకి సరిగా తెలియజెప్పకుండానే మయన్మార్‌కి చేరాయని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఆరోపించింది. అక్కడివాళ్ళు ఆ భయంతోనే నీతో మాట్లాడుతుంటారు.

ఆఖర్లో వచ్చే బయటి మూల్యాంకనానికి నువ్వు కంగారు పడక్కర్లేదు. అవసరానికి తగ్గదేనా, మిగతావాళ్ళ పనితో పొసిగిందా, ఫలితం వచ్చిందా, డబ్బు వృథా కాకుండా వచ్చిందా, ప్రభావమేంటి, నిలుస్తుందా అని ఆరు అడుగుతారు. బేస్‌లైన్ ఉంటే సగం జవాబులు నీ దగ్గరే ఉంటాయి. లేకపోతే ఎంత పెద్ద కన్సల్టెంట్ వచ్చినా ఊహించి రాయాల్సిందే. నీ ఫైల్లో సబ్బుకి బేస్‌లైన్ గడి ఖాళీగా ఉంది. ఈ నెల పంపిణీకి ముందే నింపు.

దోమతెర కట్టుకుంటున్నావా? పోయినసారి వీడియోలో మంచం మీద కనపడలేదు. దిద్దిన పట్టిక ఎక్సెల్‌లోనే పంపు, పీడీఎఫ్ వద్దు. ఫోన్‌లో అంకెలు నాకు ఆనవు, మీ నాన్న ప్రింటు తీయిస్తారు. పంపాక ఫోన్ చెయ్. మెసేజ్ కాదు, ఫోన్. ఆదివారమైతే రాత్రి ఎనిమిది తర్వాత చెయ్, అప్పటికి సుధ పిన్ని వెళ్ళిపోతుంది.

అమ్మ