మామ్మగారు వెళ్లలేదు

లొల్ల లాకుల దగ్గర నుంచి
ఫిబ్రవరి 2026

ఒరేయ్ ప్రసాదూ,

నీ ఉత్తరం దీపావళి ముందే అందింది. జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో, పడతాను. ఫోను చేయవచ్చు కదా అంటావు. చేయలేను. ఎవరి గురించి చెప్పాలో ఆవిడ పొద్దస్తమానం పక్కనే ఉంటారు. ఎనభై దాటినా చెవులు మాత్రం మన సత్తిరాజు మేష్టారి చెవులే! మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళ చూసి వీధి అరుగు మీద కూర్చున్నాను. తపాలా సంచి కట్టేలోగా ఎంత రాస్తే అంత.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. సుశీల బాగుంది, మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పాప బెంగళూరులో ఉద్యోగం మారింది. నా షుగరు అదుపులో ఉంది. చెల్లెమ్మ పంపిన ఉసిరికాయ పచ్చడి సీసా పగలకుండా చేరింది. అయిపోయింది. ఇక అసలు సంగతి.

మా ఇంటి మామ్మగారు సంక్రాంతికి వచ్చి, తిరిగి వెళ్లలేదు. మా ఇంటి అంటే మేము అద్దెకున్న ఇంటి. ఇప్పుడు ఇంటివారూ మేమూ ఒకే కప్పు కింద ఉన్నాం, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

అసలు ఈ ఇల్లు ఎలా దొరికిందో నీకు సరిగ్గా చెప్పనేలేదు. నువ్వు మల్కాజిగిరిలో అద్దె మళ్లీ పెంచారని రాశావు కాబట్టి లెక్కతో సహా చెబుతాను. పాప పెళ్లి పోగా మిగిలిన 20 లక్షలు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశాను. వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకు 41,000 వస్తుంది. పీఎఫ్ పింఛను సంగతి నీకు తెలిసిందే, ఎంత జీతం తీసుకున్నా లెక్కకు 15,000 దాటనివ్వరు. నాకు వచ్చేది నాలుగు వేల లోపే. రెండూ కలిపితే నెలకు 17 వేల చిల్లర. నిజాంపేట ఇంటి అద్దె 24,000! మెయింటెనెన్సు వేరు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలైనప్పుడు మనిద్దరం చిన్నపిల్లల్లా కిటికీ దగ్గర నిలబడి అమీర్‌పేట దాకా వెళ్లాం, గుర్తుందా? ఆ తర్వాత మా వీధిలో ప్రతి ఇంటివాళ్లూ స్టేషను ఎంత దూరమో చెప్పి మరీ అద్దె పెంచారు. పోయిన వేసవిలో 28,000 అన్నారు. ఆ రాత్రి సుశీల ఒక్కటే మాట అంది: "తినడానికి దాచుకున్నదంతా పడుకోవడానికి కట్టేస్తున్నాం." అంతే, మర్నాడే రావులపాలెంలో ఉన్న వాళ్ల అక్కయ్యకు ఫోను చేసింది.

పల్లెల్లో అద్దె ఇళ్లు ఉండవురా. ఉన్నవన్నీ తాళం వేసిన ఇళ్లు. మా వీధిలోనే చూడు, పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో, పెద్దవాళ్లు వాళ్ల దగ్గర, ఇంటికి మాత్రం కప్ప తాళం. అద్దెకిస్తారా అని అడిగితే చిన్నతనంగా చూస్తారు. వదినగారు ఎవరిని పట్టుకుందో, ఈ మండువా ఇంటి పెద్దబ్బాయి ఒప్పుకున్నాడు. ఇల్లంతా నెలకు ఐదు వేలు. షరతులు మూడు: తులసికోట దగ్గర రోజూ దీపం పెట్టాలి, ఉయ్యాల బల్ల తీయకూడదు, పడమటి గది తాళం తెరవకూడదు. ఆ గదిలో వాళ్లమ్మగారి సామాను ఉందట.

శ్రావణ మాసంలో సామానుతో వచ్చాం. ఆ రోజు శనివారం. ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే జనంతో వాడపల్లి వెంకన్న గుడి దారి ఎలా ఉంటుందో మాకేం తెలుసు! మా లారీ కాలువ గట్టు మీద చీమలా కదిలింది. మేము వచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 15న, ఇక్కడ ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. సుశీల రాజమండ్రి ఆస్పత్రికి పైసా ఖర్చు లేకుండా వెళ్లివస్తోంది. నాకు మాత్రం టికెట్టు కొట్టాల్సిందే.

సరే, సంక్రాంతి. భోగి నాడు సాయంత్రం వాళ్లు వస్తున్నారని ఫోను వచ్చింది. మేము అక్కయ్య ఇంటికి వెళ్లి ఉంటామన్నాను. "మా అమ్మ వద్దంటోంది, ఉండమంటోంది" అన్నాడు ఆ అబ్బాయి. చీకటి పడుతుండగా కారు ఆగింది. పిల్లలు, కోడలు, సంచులు, అన్నీ దిగాక చివర ఆవిడ దిగారు. పొట్టి మనిషి, కాస్త వంగిన నడుము, ముతక నేత చీర. నమస్కారం పెడితే తల ఊపి నేరుగా మండువాలోకి నడిచారు. స్తంభం మీద అరచెయ్యి ఆనించి పైకి చూశారు. చూసి మొదటి మాటగా ఏమన్నారో తెలుసా? "ఈశాన్యం మూల పెంకు జరిగింది. వానకు కారుతోందా?"

కారుతోంది! వర్షాకాలమంతా సరిగ్గా అక్కడే బకెట్టు పెట్టుకున్నాం. ఏళ్ల తరబడి నిజాంపేటలో పదకొండో అంతస్తులో ఉండి వచ్చిన మనిషి, ఆ మసక వెలుతురులో, జానెడు పెంకు జరగడం చూశారు. (మా పాత ఇంటికి నాలుగు వీధుల అవతలేనట ఆ అపార్టుమెంటు. ఎన్నిసార్లు ఎదురుపడి ఉంటామో!)

తర్వాత బొడ్డులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశారు. పొడుగాటి ఇనుప తాళంచెవి, పట్టుకునే చోట అరిగి నున్నగా అయిపోయింది. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ అది ఆవిడ నడుము దగ్గరే ఉందట. కోడలికి కూడా తెలియదు. పడమటి గది తెరిచారు. లోపల గుండిగలు, గంగాళాలు, ఆవకాయ జాడీలు, గోడకు నిలబెట్టిన పట్టెమంచం. మర్నాడు పండగ పూట ఆవిడ చేసిన మొదటి పని పరుపు ఎండలో వేయించడం. అప్పుడే అర్థం కావాల్సింది మా అందరికీ.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్దామని నేనెంతో అనుకున్నాను. వెళ్లలేదు. ఇంట్లో గారెల పిండి రుబ్బుతూ సుశీలా ఆవిడా ఒకటే కబుర్లు, మధ్యలో నన్ను కొబ్బరికాయలు ఒలవమన్నారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, వాళ్లూ ముక్కనుమ దాటాకే ప్రయాణం పెట్టుకున్నారు.

ఇక ఆ ఉదయం. కారులో అరటి గెల ఎక్కింది, పూతరేకుల పెట్టెలు ఎక్కాయి, పిల్లలు ఎక్కారు. మామ్మగారు మాత్రం ఉయ్యాల బల్ల మీద కూర్చున్నారు. "అమ్మా, ఎండెక్కుతోంది" అన్నాడు కొడుకు. కదల్లేదు. మళ్లీ పిలిచాడు. అప్పుడు, ఎంత నెమ్మదిగా అన్నారో, "మీరు వెళ్లిరండి నాయనా. నేనుంటాను" అన్నారు.

"ఎలా ఉంటావమ్మా? ఇల్లు అద్దెకిచ్చాం కదా, వాళ్లున్నారు."

"ఉండనీ. వాళ్లు అద్దెకున్నారు, నేను ఊరికే ఉంటాను."

ఆ అబ్బాయి నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. నా గుండె జారిపోయింది. ఖాళీ చేయమంటాడనే అనుకున్నాను. మళ్లీ సామాను, మళ్లీ లారీ, ఈ వయసులో ఎక్కడికి పోతాం? వంటింటి కిటికీలోంచి సుశీల చూస్తోంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను చెడ్డవాడు కాదురా, తల్లి అంటే ప్రాణం. "అక్కడ అమ్మకు మాట్లాడే మనిషి లేదండీ, మేమిద్దరం పొద్దున వెళ్తే రాత్రికి వస్తాం" అన్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, అద్దె వద్దు, పైన నెలకు పది వేలు పంపుతాను, అమ్మను చూసుకుంటారా అన్నాడు.

నాకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. జీతానికి చూసుకునే పని కాదది, ఆ మాటే అతనితో అన్నాను. అద్దె ఇస్తాను, అయితే ఇక మీదట మీ అమ్మగారి చేతికే ఇస్తాను అన్నాను. అతను ఒప్పుకోడు, నేను వదలను. ఇదంతా లోపల ఉయ్యాల మీద ఉన్నావిడకు వినిపిస్తూనే ఉంది, చెవుల సంగతి చెప్పాను కదా. అక్కడి నుంచే కేకేశారు: "బేరాలు తర్వాత ఆడుకోండి. ఒరే నాన్నా, నేను ఈ ఇంట్లోకి కాపురానికి వచ్చాను. ఈ ఇంట్లోంచే పోతాను. పదకొండో అంతస్తు నుంచి లిఫ్టులో దింపుతారేమోనని రోజూ రాత్రి భయమేస్తోంది నాకు."

ఇంకెవరూ మాట్లాడలేదు.

ప్రసాదూ, నీకు తెలుసు. అమ్మ పోయిన రోజు నువ్వే నా పక్కన ఉన్నావు. అద్దె ఇంట్లోకి శవాన్ని తీసుకురావద్దన్నారు. సెల్లారులో, వాచ్‌మన్ గది పక్కన, కార్ల మధ్య చాప పరిచి పడుకోబెట్టాం. నువ్వు ఎవరిదో దుప్పటి తెచ్చి అడ్డం కట్టావు. అద్దె ఎంత పెంచినా నేను భరించాను కానీ ఆ రోజు... సరే, వద్దులే. మామ్మగారు ఆ మాట అన్నప్పుడు నేను బావి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను, అంతే.

వాళ్లు వెళ్లారు. ఆవిడ ఉన్నారు. ఒకటో తారీకున ఐదు వేలు చేతిలో పెడితే వేలు తడిపి లెక్కపెట్టుకున్నారు. పెట్టుకుని, వెయ్యి తీసి సుశీల చేతిలో పెట్టి "కూరలకు" అన్నారు. పొద్దున్నే ముగ్గు సుశీల వేస్తుంది, చుక్కలు ఎన్నో ఆవిడ చెబుతారు. నిన్న పక్కింట్లో పూతరేకులు తీస్తుంటే వెళ్లి కూర్చుని, తనూ తీశారు. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతుంటాయి. పలచటి బియ్యప్పిండి నీళ్లలో బట్ట ముంచి కుండ మీద ఇలా ఒక్క లాగు లాగడం, చెయ్యి తీసేలోపే రేకు ఆరి లేస్తుంది. ఆవిడ చెయ్యి కాస్త వణుకుతుంది, కానీ బట్ట లాగేటప్పుడు మాత్రం వణకలేదు. నేను కళ్లారా చూశాను.

అంతా బాగానే ఉందని అనుకుంటావేమో. భయాలూ ఉన్నాయి. పోయిన వారం రాత్రి ఆవిడకు ఛాతీలో పట్టేసింది. 108కు ఫోను చేసి, అది వచ్చేదాకా నేను వీధి గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. గ్యాసు నొప్పే, దేవుడి దయ. కానీ గుండె నొప్పే అయి ఉంటే? పెద్ద ఆస్పత్రి అంటే రాజమండ్రి, పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ. శనివారమైతే ఈ దారి సంగతి చెప్పాను కదా. సుశీల మోకాళ్లతో ఆవిడను లేపి కూర్చోబెట్టగలదా? పైగా డల్లాస్‌లో ఉన్న రెండో అబ్బాయి అర్ధరాత్రి ఫోను చేసి "అసలు మీరెవరండీ మా అమ్మ విషయంలో" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. అతని బాధ అతనిది, అంత దూరాన ఉన్నవాడికి భయం ఉండదా? ఏప్రిల్‌లో వస్తానన్నాడు. వచ్చి తీసుకెళ్తానంటే ఏం చేయాలో నాకు తెలియదు. ఆవిడను అడిగితే తాళంచెవి తడుముకుంటారు తప్ప జవాబు చెప్పరు.

నువ్వూ చెల్లెమ్మా ఇటు వచ్చే ఆలోచన గురించి అడిగావు. రమ్మనే అంటాను, గట్టిగా రమ్మంటాను, కానీ ముందు ఒక నెల ఉండి చూసి వెళ్లు. చౌక అంటే అద్దె ఒక్కటే. అరటిపళ్లు, కొబ్బరి, పాలు కలిసివస్తాయి. మందులకూ గ్యాసు బండకూ అదే ధర, పచారీ సామాను నిజాంపేట కంటే ఎక్కువే. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఈలోగా మంచినీళ్ల చెరువు నింపుకుంటారు, ఆ రోజుల్లో నీళ్లు ఎలా ఉంటాయో నేనూ ఇంకా చూడలేదు. ఇవన్నీ తెలిసి రావాలి. చెల్లెమ్మ బీపీ కోసం ఏ ఆస్పత్రి ఎంత దూరమో ముందే చూసుకోవాలి. మా ఎదురింటి తాళం హైదరాబాదులోనే ఎవరి దగ్గరో ఉందట, మామ్మగారికి వాళ్ల వంశమంతా తెలుసు. నువ్వు ఊ అంటే ఆవిడే మాట్లాడతానన్నారు. నీ గురించి అప్పుడే చెప్పేశాను, రెండో మెట్టు సంగతి తప్ప.

వస్తే శనివారం మాత్రం రాకు. ఆ నల్ల గొడుగు తెచ్చుకో, ఎందుకో నీకు తెలుసు. ఇంకో ముఖ్యమైన విషయం, డల్లాస్ అబ్బాయితో ఎలా మాట్లాడితే బాగుంటుందో నువ్వే చెప్పాలి, యూనియన్‌లో మేనేజరును ఒప్పించినవాడివి. నేను అనుకున్నదేమిటంటే, ఆవిడనే వీడియో కాల్‌లో కూర్చోబెట్టి

లేచారు. "ఎవరికి నాయనా అంత పొడుగు ఉత్తరం" అని అడుగుతున్నారు. తపాలా అబ్బాయి సైకిలు కూడా వచ్చేసింది. మిగతాది మళ్లీ రాస్తాను. వెంటనే జవాబు రాయి, నాలా ఆలస్యం చేయకు.

నీ
రామం