నాకు పుస్తకాలు చదివి వినిపించిన వారందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

కుడికన్ను కుదుటపడింది. పెద్ద అక్షరాలు పెట్టుకుంటే నా అంతట నేను చదువుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. రాయడానికి కూడా ఒప్పుకున్నారు కనుక మొదటగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను. కానీ మీలో చాలామంది “మా పేర్లు వద్దు టీచరుగారూ” అన్నారు. అందుకని ఏ పుస్తకం ఎవరి గొంతులో విన్నానో ఆ పుస్తకం పేరుతోనే మిమ్మల్ని తలుచుకుంటాను. ఎవరి సంగతి చెబుతున్నానో మీకు ఎలాగూ తెలుస్తుంది.

విషయం తెలియని బంధుమిత్రుల కోసం రెండు మాటలు. నా కంటి లోపల వెనక భాగంలో ఉండే రెటీనా పొర చిరిగి, తన చోటు నుంచి విడిపోయింది. ఆపరేషన్ చేసి కంటి లోపల గ్యాస్ బుడగ పెట్టారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. అది వెనకనున్న పొరను అదిమి పట్టుకోవాలంటే ముఖం నేలవైపే ఉండాలి. కూర్చున్నా, పడుకున్నా, అన్నం తింటున్నా తల వంచుకునే ఉండాలి. చదవడం పూర్తిగా మానమన్నారు. నొప్పి ఓర్చుకోలేనంత లేదు. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి పుస్తకం పట్టకుండా నిద్రపోయే అలవాటు లేని మనిషిని. ఆ ఖాళీ తలుచుకుంటేనే గుండె జారిపోయింది. చూడవచ్చిన మా స్త్రీల సమాజం కార్యదర్శితో ఈ మాటే అన్నాను. ఆమె ఓదార్పుగా ఏమీ చెప్పలేదు. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. మర్నాడు ఉదయం నుంచి మా ఇంటికి వంతుల ప్రకారం మనుషులు రావడం మొదలైంది. ప్రతి ఒక్కరి చేతిలో ఒక పుస్తకం.

అన్ని రోజులూ నేను మీ ముఖాలు చూడలేదు. బల్లమీద మడత పెట్టిన తువ్వాలు, దానిమీద నా నుదురు, కింద మొజాయిక్ నేల. ఎవరైనా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటే పాదాలు మాత్రం కనిపించేవి. ఆస్పత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చే అమ్మాయి తెల్ల బూట్లు, పాస్టరమ్మగారి పగిలిన మడమలు, పద్యం చదువుతూ కాలి బొటనవేలితో తాళం వేసే మాస్టారి పాదం. గొంతు విప్పకముందే ఎవరొచ్చారో నాకు తెలిసిపోయేది.

పొద్దున్నే బైబిలు చదివే వంతు మా మనుమడిది. వాడు 119వ కీర్తన ఎంచుకున్నాడు. 176 వచనాలున్న కీర్తన అది. ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది కనుక రోజుకొక భాగం చదివాడు. మన తెలుగు బైబిలులోని పాత భాష వాడి నోటికి తిరగదు. “శాసనములు” దగ్గర తడబడి, మళ్ళీ వచనం మొదటి నుంచి అందుకునేవాడు. అలా ఒకే వచనం రెండు మూడుసార్లు వినడం నాకు మేలే చేసింది. కన్నా, నీకు నాయనమ్మ ముద్దులు.

తెల్ల బూట్ల అమ్మాయికి నేను చాలా రుణపడి ఉన్నాను. ఆమె నర్సింగ్ చదువుతోంది. కంటి చుక్కల మందు వేయడానికి వచ్చి, కూర్చుని ‘ది హైడింగ్ ప్లేస్’ మొత్తం చదివి వినిపించింది. 1971లో వచ్చిన ఈ పుస్తకంలో కోరీ టెన్ బూమ్ తన కథ చెప్పుకుంది. వాళ్ళది హాలెండులోని హార్లెమ్ పట్టణం, గడియారాల దుకాణం నడిపే కుటుంబం. నాజీల కాలంలో యూదులను ఇంట్లో దాచినందుకు 1944 ఫిబ్రవరిలో అందరినీ పట్టుకుపోయారు. 84 ఏళ్ళ తండ్రి పది రోజులకే జైల్లో చనిపోయాడు. అక్క బెట్సీ ఆ డిసెంబరులో జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో కన్నుమూసింది. అమ్మాయి ఇంగ్లీషులో ఒక పేరా చదివి, వెంటనే తెలుగులో చెప్పేది. శిబిరంలోని పాకలో అక్కచెల్లెళ్ళు దొంగతనంగా బైబిలు చదివే ఘట్టం వచ్చింది. వాళ్ళు డచ్చి భాషలోని వాక్యాన్ని జర్మన్‌లో చెబితే, అక్కడి నుంచి ఫ్రెంచి, పోలిష్, రష్యన్, చెక్ భాషల్లో ఒకరి నుంచి ఒకరికి ఆ మాట వరుసల వెంట వెనక్కి సాగేదట. అది తెలుగులో చెబుతూ చెబుతూ అమ్మాయి ఆగి, “అమ్మమ్మగారూ, ఇప్పుడు మనం చేస్తున్నదీ ఇదే కదా” అంది. ఆ మాటకు తలెత్తి ఆమె ముఖం చూడాలనిపించింది. చూడకూడదు కనుక ఆమె చేయి పట్టుకున్నాను.

అదే పాకలో నల్లుల్లా కుట్టే చిన్న పురుగుల (ఇంగ్లీషులో ఫ్లీస్) బాధ కూడా ఉంటుంది. “ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి” అన్న వాక్యం ప్రకారం ఆ పురుగుల కోసం కూడా దేవునికి వందనాలు చెప్పాలంటుంది బెట్సీ. కోరీకి మనసొప్పదు. ఆ పురుగులకు భయపడే కావలివాళ్ళు లోపలికి రావడం లేదనీ, అందువల్లే బైబిలు చదవడం సాగుతోందనీ తరువాత తెలుస్తుంది. నేను ఈ ఘట్టాన్ని ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాను. ప్రసంగంలో అది చిటికెలో ముగిసిపోతుంది. పుస్తకంలో అలా ఉండదు. బెట్సీ నోటి నుంచి ఆ వందనం వచ్చేసరికి ఆమె ఎంత నీరసించి ఉందో పేజీల వెంట చూస్తూ వస్తాం. అందుకే ఆ మాటకు అంత బలం. ప్రసంగీకులు ఆ పేజీలు కూడా చదివి వినిపించాలని నా కోరిక.

డల్లాస్‌లో ఉన్న నా పాత విద్యార్థికి ఇప్పుడు. నాయనా, నువ్వు ఆఫీసుకు వెళ్ళేముందు, మాకు సాయంత్రం వేళ, ఫోనులో చదివిన క్లౌ గారి పుస్తకం నా మనసును పట్టి కుదిపింది. ఒంగోలులో పుట్టి పెరిగిన నాకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు కొత్త కాదు. 1866లో ఆయన ఇక్కడికి వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య చిన్నప్పుడు సండే స్కూలులోనే కంఠస్థం. కానీ ఆయన చెప్పగా భార్య ఎమ్మా రాసి, ఆయన పోయాక 1914లో ప్రచురించిన ఆత్మకథను ఇంతవరకు చదవలేదు. అది ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చని వెతికి పట్టింది నువ్వే.

ధాత కరువు గురించి మా జేజమ్మ కథలు కథలుగా చెప్పేది. ఆమె తన పెద్దల నోట విన్నది. ఆకులు అలములు తిని బతికారని, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయని. ఆ 1876–78 కరువులో ప్రభుత్వం కూలి పనులు పెట్టింది. కానీ ఆ పనుల దగ్గర మాదిగల గోడు వినే నాథుడు లేడు. పైనున్న మేస్త్రీలు అణగదొక్కేవారు. వయసులో ఉన్నప్పుడు సర్వే పని నేర్చిన క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తానే తీసుకుని, తన దగ్గరి బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మట్టి మోస్తున్న వాళ్ళకు ఆ బోధకులు పదే పదే చెప్పిన వాక్యం “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి” అన్నదే. ఇక్కడ నువ్వు చదవడం ఆపేశావు. ఫోనులో నీ ఊపిరి మాత్రం వినిపించింది. నీ తాత ముత్తాతలది ఆ చుట్టుపక్కల పల్లెలేనని నాకు తెలుసు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది 2222 కాదు. దానికి ముందు నెలల తరబడి ఆయన బాప్తిస్మాలు ఆపేయడం. అన్నం కోసం వచ్చారని రేపు ఎవరూ ఆ జనాన్ని వేలెత్తి చూపకూడదని, కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ముగిసిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదు అన్నాక కూడా జనం కదలలేదు. అప్పుడే నీటిలోకి దిగారు. మన పెద్దల విశ్వాసాన్ని గంజి కోసం పుట్టిన విశ్వాసమని తేలిగ్గా మాట్లాడేవారిని నేను చాలామందిని చూశాను, బడిలో కూడా. వాళ్ళకు జవాబు ఆ అధ్యాయాల్లో ఉంది. ఇన్నేళ్ళ తరువాత దాన్ని నా చెవిన వేసినందుకు నిన్ను దేవుడు దీవించాలి.

ఇక మాస్టారు. పక్క వీధిలో ఉంటారు. మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. ఆయన తెలుగు చెప్పేవారు, నేను సాంఘికశాస్త్రం. నుదుట విభూతి లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఉండరు. చదివేవాళ్ళు వంతులు వేసుకున్నారని విని, ఎవరూ పిలవకుండానే వచ్చారు. “టీచరుగారూ, మీ ప్రభువు కథ మా జాషువాగారు చెప్పారు. నేను చదువుతాను, మీరు వినండి” అన్నారు.

అలా ‘క్రీస్తు చరిత్ర’ విన్నాను. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కావ్యమని పరీక్షల కోసం పిల్లలతో వల్లె వేయించినదాన్నే కానీ, మొదటి నుంచి చివరి వరకు ఎన్నడూ చదవలేదు. మాస్టారు ప్రతి పద్యాన్నీ రెండుసార్లు చదివేవారు. మొదట పదాలు విడదీసి, అర్థం తెలిసేలా. తరువాత రాగం తీసి. ఆ రెండోసారి చదివేటప్పుడే బొటనవేలు నేలమీద ఆడేది. సువార్తల్లో నాకు కంఠతా వచ్చిన సంగతులే, మా పల్లెల నాటకాల పద్యం నడకలో వస్తుంటే, యేసు గుండ్లకమ్మ ఒడ్డున నడుస్తున్నట్టే ఉండేది. సిలువ ఘట్టంలో ఒక పద్యం సగంలో ఆయన గొంతు పూడుకుపోయింది. పుస్తకం మూసి, మంచినీళ్ళు అడిగి తాగి, ఆ పద్యం మళ్ళీ ఎత్తుకున్నారు. మా కోడలు వంటగది గుమ్మం దగ్గర నిలబడి విన్నదట.

పద్యం రాస్తున్నందుకు అటు సొంత మతం వారి చేత, పుట్టుక కారణంగా ఇటు పండితుల చేత మాటలు పడిన కవి జాషువా. ఆయన పుస్తకాన్ని నాకు వినిపించింది ఒక శైవుడు. నా చిన్నతనం నుంచి మన ఇళ్ళలో బైబిలు పక్కన క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటుంది. ఆ రెంటి పక్కన ఈ కావ్యం కూడా ఉండాలని గట్టిగా చెప్పదలచుకున్నాను. పద్యం అర్థం కాదని వెనకాడకండి. చదివి చెప్పేవారు దొరుకుతారు. మాస్టారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

క్యారేజీలు పంపిన వదినగార్లకు, గంట గంటకూ గడియారం చూసి చుక్కలు వేసిన మా కోడలికి, ఆస్పత్రికి తీసుకెళ్ళిన ప్రతిసారీ గుంతలు చూసి నెమ్మదిగా నడిపిన ఆటో తమ్ముడికి కూడా నా వందనాలు. మీరు లేకపోతే ఈ పుస్తకాల మాట ఉండేదే కాదు.

ఇప్పుడు చదువుతున్నది ప్రాచీన క్రైస్తవ గురువు అగస్టీన్ తన జీవితం గురించి చెప్పుకున్న ‘ఒప్పుకోలు’, ఇంగ్లీషు అనువాదం. మొత్తం 13 భాగాలు. మొదటి అయిదు భాగాలు పాస్టరమ్మగారు చదివారు, సంఘం పనులన్నీ చక్కబెట్టుకుని, రాత్రి ప్రార్థన తరువాత. ఆరో భాగానికి వచ్చేసరికి నాకు చదివే అనుమతి వచ్చింది. టాబ్లెట్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని, తెరకు నాలుగైదు వాక్యాలు మాత్రమే పట్టేలా పెట్టుకుని చదువుతున్నాను. అందులో మిలాను బిషప్పు ఆంబ్రోసు చదువుకునే తీరు గురించి అగస్టీన్ రాశాడు. ఆయన కళ్ళు పేజీమీద సాగుతాయి, గొంతూ నాలుకా కదలవు. చూడవచ్చినవారు ఆయనను కదిలించడం ఇష్టం లేక కాసేపు మౌనంగా కూర్చుని వెళ్ళిపోయేవారట. ఆయన గొంతు తేలిగ్గా బొంగురుపోయేది కనుక దాన్ని కాపాడుకోవడానికే అలా చదివేవాడేమోనని కూడా అగస్టీన్ అంటాడు. పాస్టరమ్మగారూ, ఆ వాక్యం దగ్గర మీరే గుర్తొచ్చారు. అయిదో భాగం చివరికి మీ గొంతు పూర్తిగా పోయింది. ఆ రాత్రి మీరు మిరియాల పాలు తాగి మరీ పేజీ ముగించారు.

నాకు చదవడం వచ్చేసింది కనుక వంతులు ఆపేద్దామని కార్యదర్శిగారు అడిగారు. ఆపవద్దని నా మనవి. ప్రతి గురువారం సాయంత్రం 5 గంటలకు మా వరండాలో కూర్చుందాం. అగస్టీన్ ఎనిమిదో భాగం, మిలాను తోటలో “తీసుకొని చదువు” అన్న పిల్లల గొంతు ఆయనకు వినిపించే ఘట్టం, అందరం కలిసి చదవాలని ఉంది. అది ముగిశాక ఎమ్మా క్లౌ 1899లో మాదిగల కథలు సేకరించి వేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ మొదలుపెడదాం. డల్లాస్ నుంచి ఫోను కలుస్తుంది. ఈసారి చదివే వంతు నాకూ ఇవ్వండి. మీరు తెచ్చిన పుస్తకాలన్నిటికీ అట్టలు వేయించి వరండాలోని బీరువాలో పెట్టాను. వచ్చినప్పుడు ఎవరివి వారు తీసుకోండి.