ఊపిరి మిషన్ ఇచ్చేవాళ్లు నీళ్ల సంగతి కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

గురక గురించి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మిషన్ పెట్టుకుంటే పగటి మత్తు ఎలా వదులుతుందో, బీపీకి ఎంత మేలో అందులో చక్కగా వివరించారు. కానీ అంత ఖరీదు పెట్టి కొన్న మిషన్‌ని నెల తిరక్కుండానే అట్టపెట్టెలో సర్ది అటకెక్కించినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. "ముక్కు మండుతోందమ్మా, గొంతు ఎండిపోతోంది, తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోతోంది." ఈ బాధ తప్పే మార్గం ఉంది. చాలావరకు ఆ మిషన్‌లోనే ఉంది. దాన్ని ఎలా వాడుకోవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో, ఎక్కువకాలం ఛాతీ వార్డులోనే, స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. వనస్థలిపురంలో ఉంటాం. మావారు సీపాప్‌తో పడుకుంటారు. మా వీధిలో ఒక పెద్దాయన ఇంట్లోనే ఆక్సిజన్ మీద ఉన్నారు. కాలనీలో ఎవరింటికి ఇలాంటి మిషన్ వచ్చినా "సిస్టరమ్మా, ఒక్కసారి వచ్చి చూడండి" అని కబురొస్తుంది. ఆ ఇళ్లలో చూసినవే రాస్తున్నాను.

ముక్కు చేసే పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. మే నెల వడగాలి అయినా డిసెంబరు చలిగాలి అయినా, ఊపిరితిత్తుల్లోకి దిగేలోపు అది 37 డిగ్రీల వేడికి చేరి, పట్టగలిగినంత తేమ పట్టి ఉంటుంది. లెక్కకు లీటరు గాలికి సుమారు 44 మిల్లీగ్రాముల నీరు. ఊపిరి వదిలేటప్పుడు అందులో కొంత తేమను ముక్కు మళ్లీ తన దగ్గరే ఉంచుకుంటుంది. సీపాప్ రాత్రంతా ఒత్తిడితో గాలిని పంపుతూ ఉంటుంది. నోరు మూసుకుని పడుకునేవారికి దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. నోరు తెరుచుకుందంటే మాత్రం ముక్కులోంచి వెళ్లిన గాలి అటునుంచటే నోట్లోంచి బయటికి పోతుంది. ముక్కు తేమ ఇవ్వడమే తప్ప తిరిగి తీసుకోవడం ఉండదు. లోపలి పొర ఎండి వాస్తుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది. దిబ్బడ వేసినకొద్దీ నోరు ఇంకా తెరుచుకుంటుంది. పాపం ఆ మనిషి అర్ధరాత్రి మాస్క్ పీకి పక్కన పెట్టేస్తాడు. ఇంట్లోవాళ్లేమో "ఓపిక లేదు, మొండితనం" అంటారు. అది మొండితనం కానే కాదు.

మావారికి మిషన్ తెచ్చిన అబ్బాయి స్విచ్ చూపించాడు, మాస్క్ బెల్టు బిగించాడు, సంతకం తీసుకున్నాడు. గాలికి తేమ పట్టించే నీళ్ల డబ్బాలో ఏ నీళ్లు పొయ్యాలి బాబూ అని అడిగితే "తాగే నీళ్లు ఏవైనా నడుస్తయి మేడం" అని బండెక్కాడు. నాకైతే వార్డు అనుభవం ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాళ్ల సంగతేమిటి?

సీపాప్‌లో గాలిని తడిపే పద్ధతులు రకరకాలున్నాయి. పాతకాలపు రకంలో గాలి చన్నీళ్ల మీదుగా పోతుంది. దానితో అందే తేమ తక్కువ. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి అడుగున వేడిపళ్లెం ఉండి నీళ్లను వెచ్చబెట్టేవి. ముక్కు ఎండడం, దిబ్బడ, తుమ్ములతో బాధపడేవారికి పనికొచ్చేది ఇదే. కొన్నిటికి ట్యూబు పొడవునా సన్నని తీగ ఉండి, దారిలో గాలి చల్లబడకుండా చూస్తుంది. ప్రయాణాలకని నీళ్లే అక్కర్లేని చిన్న బిళ్లలాంటివి కూడా ఉన్నాయి. మనం వదిలిన ఊపిరిలోని తేమను పట్టి ఉంచి, పీల్చేటప్పుడు తిరిగి ఇస్తాయి. అవి అన్ని మిషన్లకూ, అన్ని మాస్కులకూ సరిపోవు, అడిగి కొనాలి. ఎంత తేమ ఉన్నా నోరు తెరుచుకునే అలవాటు పోకపోతే గడ్డం కిందినుంచి కట్టే పట్టీ గానీ, ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్క్ గానీ కావాలేమో డాక్టరుగారిని అడగాలి. ముక్కు దూలం వంకరగా ఉన్నవారు, ఎలర్జీ ఉన్నవారు ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి.

తేమ ఎంత పెట్టుకోవాలన్నది గదిని బట్టి ఉంటుంది. మన హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల గాలి ఎండుగాలి. దానికి తోడు రాత్రంతా ఏసీ. అప్పుడు మిషన్‌లో తేమ అంకె పెంచుకోవాలి. జులైలో ముసురు పట్టినప్పుడు అదే అంకె ఎక్కువవుతుంది. ఇంకో చిక్కు ఉంది. ఏసీ 20లో పెట్టుకుంటే వెచ్చటి తడిగాలి చల్లని ట్యూబులో నీటిబొట్లుగా మారి, గుడగుడమని చప్పుడు చేస్తూ నిద్రలో ముఖం మీద పడుతుంది. మా కాలనీలో ఒకావిడ మిషన్ చెడిపోయిందని భయపడి నీళ్లు పొయ్యడమే మానేశారు, మళ్లీ గొంతు ఎండడం మొదలైంది. ట్యూబుకు బట్ట తొడుగు వేయించి, మిషన్‌ని మంచం ఎత్తుకన్నా కిందికి స్టూలు మీదికి దించి, ఏసీ గాలి నేరుగా తగలకుండా మళ్లిస్తే ఆవిడకు ఆ గొడవ పోయింది. ఏసీ రెండు డిగ్రీలు పెంచినా, తేమ అంకె ఒకటి తగ్గించినా చాలామందికి సరిపోతుంది. మిషన్ కదిలించేటప్పుడు, ఊరికి పట్టుకెళ్లేటప్పుడు డబ్బాలో నీళ్లు పారబొయ్యడం మరవకూడదు. వంచితే నీళ్లు మోటారులోకి పోతాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడపాల్సొస్తే వేడిని ఆపెయ్యండి. బ్యాటరీని ఎక్కువగా తినేది అదే. తేమ లేకపోయినా ఆ పూటకి మిషన్ నడవడమే ముఖ్యం.

ఇక అసలు విషయం, ఏ నీళ్లు? ఇక్కడ చూసినన్ని వింతలు ఇంకెక్కడా చూడలేదు. మా వైపు బోరు నీళ్లు పోస్తే కొద్దిరోజుల్లోనే డబ్బా అడుగున తెల్లటి పొర కడుతుంది. కృష్ణా, మంజీరా నళ్లా నీళ్లలోనూ లవణాలుంటాయి. ఆర్‌వో నీళ్లలో తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. ఒకరింట్లో ఇన్వర్టర్ కోసం కొన్న బ్యాటరీ నీళ్ల డబ్బానే మంచం పక్కన పెట్టుకుని పోస్తున్నారు. "డిస్టిల్డ్ అని రాసుందిగా అక్కా" అన్నారు. బ్యాటరీ కోసం తయారుచేసిన నీళ్లను మనిషి ఊపిరికి పనికొస్తాయా అని ఎవరూ పరీక్షించరు, ఆ డబ్బా శుభ్రతకు పూచీ లేదు. అవి వద్దు. సీపాప్‌కి వైద్య అవసరాలకు తయారైన డిస్టిల్డ్ వాటర్, లేదా మెడికల్ షాపుల్లో సీసాల్లో దొరికే స్టెరైల్ వాటర్ వాడాలి. అవి దొరకని రాత్రి కాచి చల్లార్చిన నీళ్లతో గడుపుకోవచ్చు. కాచితే క్రిములు చస్తాయి, లవణాలు మాత్రం పోవు, కాబట్టి అదే అలవాటు చేసుకోకూడదు. నిన్నటి నీళ్ల మీద ఇవాళ పొయ్యకండి. పొద్దున్నే మిగిలినవి పారబోసి, డబ్బా కడిగి, నీడలో ఆరబెట్టాలి. వారానికోసారి ట్యూబు, మాస్క్, డబ్బా మృదువైన సబ్బునీళ్లతో కడగాలి. తెల్లపొర కడితే వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి శుభ్రంగా కడిగితే వదులుతుంది. జలుబు చేసిందని నీలగిరి తైలమో బామో ఆ నీళ్లలో వెయ్యకూడదు. రాత్రంతా అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నిలవ నీళ్ల గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, వెచ్చగా నిలిచిన నీళ్లలో లెజియోనెల్లా లాంటి న్యుమోనియా క్రిములు పెరుగుతాయి. 2021 మే నెలను ఈ నగరం మరచిపోలేదు. బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి కిక్కిరిసింది. దానికి ముఖ్య కారణాలు అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్లు. ఆక్సిజన్‌కి తేమ పట్టించే నీళ్ల సీసాల పాత్ర ఎంతన్నది రుజువు కాలేదు. అయినా ఆక్సిజన్ ఇచ్చేటప్పుడు హ్యుమిడిఫయర్‌లో, అంటే ఆ నీళ్ల సీసాలో, శుభ్రమైన స్టెరైల్ నీళ్లే వాడాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పుడు స్పష్టంగా చెప్పింది. అప్పట్లో అందరూ విన్నారు. ఇప్పుడు ఇళ్లలో ఎవరికీ గుర్తులేదు.

ఆక్సిజన్ విషయానికొస్తే అక్కడ భ్రమ ఇంకోలా ఉంది. సిలిండర్ ఆక్సిజన్‌లో తేమ దాదాపు ఉండదు. గదిలోని గాలి నుంచి ఆక్సిజన్‌ని వేరుచేసే కాన్సంట్రేటర్ మిషన్ నుంచి వచ్చేదీ పొడిదే, లోపలున్న జియోలైట్ గుళికలు నైట్రోజన్‌తో పాటు తేమనూ పట్టేస్తాయి. అందుకని ఆక్సిజన్ అంటే దాన్ని నీళ్లలోంచి పంపి తడిపే బుడగల సీసా తప్పనిసరి అనుకుంటారు. ముక్కు పైపుతో నిమిషానికి 4 లీటర్ల వరకు తీసుకునేవారికి మామూలుగా అది అవసరం లేదు, మన ముక్కే ఆ పని చేసుకోగలదు. అంతకన్నా ఎక్కువ తీసుకునేవారికి, తక్కువలోనే ముక్కు ఎండి రక్తం వచ్చేవారికి పెట్టాలి. మా వీధి పెద్దాయనకు 2 లీటర్లే. ఆయన సీసాలో నీళ్లు పాచి పట్టే దశకొచ్చాయి, పైగా మూత వంకరగా బిగించి ఉంది. పక్కనుంచి ఆక్సిజన్ కారిపోతోంది, వేలికి పెట్టే మీటరు అంకె తగ్గుతోంది, కొడుకేమో కాన్సంట్రేటర్ పాడైందని కొత్తదాని ధర కనుక్కుంటున్నాడు. సీసా మూత సరిగ్గా పడిందో లేదో చూడడం తేలిక. ఆక్సిజన్ వస్తుండగా సీసా తర్వాతి పైపును ఒక్క క్షణం మడిచి పట్టుకుంటే సీసా మీది వాల్వు కుయ్యిమనాలి. ఏ చప్పుడూ రాకపోతే మూత దగ్గర కారుతోందని అర్థం. సీసా వాడేవాళ్లు నీళ్లు రెండు గీతల మధ్యే ఉంచి, రోజూ మార్చాలి. గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబు పెట్టినవారి సంగతి పూర్తిగా వేరు. వాళ్ల గాలి ముక్కులోంచి వెళ్లదు కాబట్టి తేమ ఇచ్చే ఏర్పాటు ఎప్పుడూ ఉండాల్సిందే.

సీపాప్‌కే ఆక్సిజన్ కలిపి వాడేవారికి సీపాప్ నీళ్ల డబ్బా ఆ తేమను కూడా చూసుకుంటుంది, రెండో సీసా సాధారణంగా అక్కర్లేదు. వాళ్లు ముందు సీపాప్ వేసి తర్వాతే ఆక్సిజన్ తెరవాలి. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్ ఆపాలి. గాలి ఆడని మిషన్‌లో ఆక్సిజన్ నిండితే నిప్పు ప్రమాదం.

నిప్పు అన్నాను కాబట్టి ఇది కూడా. ముక్కు ఎండిందని మన ఇళ్లలో వెంటనే చేసే పని కొబ్బరినూనె రాయడం, వాజలీన్ పుయ్యడం. ఆక్సిజన్ మీద ఉన్నవారికి అవి పనికిరావు. ఆక్సిజన్ దగ్గర నూనె, గ్రీజు తేలిగ్గా అంటుకుంటాయి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారినా కీడే. ఉప్పునీటి చుక్కలు గానీ నీటితో తయారైన జెల్ గానీ మెడికల్ షాపులో అడగండి. పూజగదిలో దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఇవన్నీ మిషన్‌కి, పైపుకి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. పెద్దవాళ్లు పైపు పెట్టుకునే దీపం వెలిగించబోతుంటే నేను ఎన్నోసార్లు ఆపాను.

సీపాప్ కొత్త చికిత్స కాదు. సిడ్నీలో డాక్టర్ కొలిన్ సలివన్ బృందం 1981లోనే దీన్ని ప్రకటించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన దగ్గర మిషన్ పెట్టెలో ఉండే పుస్తకంలో ఒక్క తెలుగు ముక్క ఉండదు. డాక్టర్లకు నా మనవి, చీటీ మీద ఒత్తిడి ఎంత, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు అని రాసినట్టే తేమ కావాలా వద్దా, ఏ రకం అన్నది కూడా ఒక వరుసలో రాయండి. మిషన్లు అమ్మేవారు, అద్దెకిచ్చేవారు ఇంట్లోవాళ్ల చేత నీళ్లు పోయించి, విప్పించి, కడిగించి, మూత బిగించే తీరు చూశాకే సంతకం తీసుకోవాలి. వారం తర్వాత ఒక్క ఫోను చెయ్యాలి. వైద్య ఆరోగ్య శాఖ వీళ్లకు ఈ నియమం పెట్టాలి, తెలుగులోనూ ఉర్దూలోనూ బొమ్మలతో కాగితం ఇవ్వడం తప్పనిసరి చెయ్యాలి. మందుల షాపులవాళ్లు డిస్టిల్డ్ వాటర్ అడిగితే బ్యాటరీ నీళ్లకోసం పక్క షాపుకు పంపకుండా సరైన సీసా తెప్పించి ఉంచితే అదే పెద్ద సాయం.

మా కాలనీవాళ్లకోసం ఈ జాగ్రత్తలన్నీ పెద్ద అక్షరాలతో ఒక పేజీలో రాసి జిరాక్సులు తీయించి ఇస్తున్నాను. మీ ఆరోగ్య పేజీలో చోటిస్తామంటే పంపుతాను. ముందుగా ఒక ఛాతీ వైద్యుల చేత చదివించి, అవసరమైతే దిద్దించి వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
వనస్థలిపురం, హైదరాబాద్