మెదడులో గడ్డ అంతా టీబీ కాదు

సంపాదకులకు,

మా బాబాయి కీళ్లవాతానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడారు, డాక్టర్ని మళ్లీ కలిసిందే లేదు, పాత చీటీ చూపించి మందుల షాపులో తెచ్చుకోవడమే. మొదట వదలని దగ్గు, తర్వాత తలనొప్పి, ఒకరోజు అన్నం తింటుంటే కుడిచెయ్యి కొట్టుకుని ఫిట్స్ వచ్చాయి. స్కాన్‌లో మెదడులో ఉంగరం లాంటి మచ్చ. మన దగ్గర అది టీబీ గడ్డో, బద్దెపురుగు తిత్తో అనుకోవడం మామూలే, అందుకే టీబీ మందులు మొదలుపెట్టారు. మూడు వారాల్లో మాట తడబడి, చెయ్యి పడిపోయింది.

చివరికి సూదితో చీము తీస్తే నోకార్డియా అని తేలింది. 1888లో నోకార్డ్ అనే ఫ్రెంచి పశువైద్యుడు పశువుల్లో చూసిన బ్యాక్టీరియా. మట్టిలో ఉంటుంది, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి చేరి, స్టెరాయిడ్ల లాంటి మందులతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో రక్తం ద్వారా మెదడుకి పాకుతుంది. నిదానంగా పెరుగుతుంది కాబట్టి ల్యాబ్‌లో రెండు రోజులకే కల్చర్ ప్లేట్లు (క్రిమిని పెంచి చూసే పళ్లేలు) పారేస్తే దొరకదు, రెండు మూడు వారాలు ఉంచాలి, ఆ మాట డాక్టరు ముందే చీటీ మీద రాయాలి. మందు మాత్రం పాతదే, కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్, తోడుగా ఇంజెక్షన్లు. కాకపోతే ఏడాది దాకా మానకూడదు.

బాబాయి ఇప్పుడు నడుస్తున్నారు, ఫిట్స్ మాత్రలు ఇంకా ఉన్నాయి, సంతకం ఎడమచేత్తో పెడుతున్నారు. చీటీ తేదీ చూడకుండా స్టెరాయిడ్లు అమ్మే షాపుల్ని అధికారులు ఎప్పుడు అడుగుతారో?

- ఒక పాఠకుడు, వరంగల్