షాపులో నాకు పని నేర్పిన అందరికీ, ముఖ్యంగా గుండీల ఆంటీకి

ఈ పోస్టు ఎప్పుడో పెట్టాల్సింది. పరీక్షలన్నాను, రిపోర్టన్నాను, అసలు సంగతేంటంటే ఇందులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్పాలి కాబట్టి వాయిదా వేస్తూ వచ్చాను.

నేను మేనేజ్‌మెంట్ స్టూడెంట్‌ని. కోర్సులో భాగంగా 120 గంటలు ఎక్కడైనా పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. క్లాసులో అందరూ కంపెనీల్లో ఇంటర్న్‌షిప్‌లు పట్టేసుకున్నారు, నాకు ఒక్కటీ రాలేదు. చివరికి ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే షాపులో (జనం ఇచ్చేసిన బట్టలు, పుస్తకాలు, సామాన్లు అమ్మి, వచ్చిన డబ్బు సేవా పనులకి వాడతారు) వాలంటీర్లు కావాలంటే వెళ్ళాను. వెళ్ళింది మొక్కుబడిగానే. సంతకం పెట్టించుకుని బయటపడదామన్న ఆలోచనే. 120 గంటలు కాస్తా 300 దాటాయి, ఇప్పటికీ వెళ్తున్నాను. పేర్లు రాయొద్దని షాపు చూసుకునే మేడమ్ ముందే చెప్పారు, కాబట్టి ఎవరి పేరూ ఉండదు, ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ళకి తెలిసిపోతుంది.

మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను, బిల్లింగ్ కౌంటర్లో కూర్చోబెడతారనుకుని. తీసుకెళ్ళి వెనక గదిలో సార్టింగ్ టేబుల్ ముందు నిలబెట్టారు. సంచి విప్పాలి, ప్రతి జేబులో చెయ్యిపెట్టి చూడాలి, బట్టని లైటుకి ఎత్తిపట్టి కాలరూ చంకలూ చూడాలి, జిప్పు రెండుసార్లు పైకీ కిందకీ లాగాలి, వాసన చూడాలి (అవును, వాసనే, తేమ తగిలిన ఒక్క దుప్పటి చాలు మిగతా సంచి మొత్తం ముక్కిపోవడానికి). ఆ తర్వాత మూడు కుప్పలు: అమ్మేవి, బాగుచేసేవి, రీసైక్లింగ్‌కి పోయేవి. జేబుల్లో ఏమేం దొరుకుతాయో మీరు ఊహించలేరు. పాత టికెట్లు, తాళంచెవులు సరే, ఒకసారి ఒక జాకెట్ లోపలి జేబులో కాగితంలో చుట్టిన చిన్నపిల్లల పాలపన్ను దొరికింది. నేను నవ్వేసి చెత్తబుట్టలో వెయ్యబోయాను. మేడమ్ నా చేతిలోంచి తీసుకుని కవర్లో పెట్టి, పైన తేదీ, జాకెట్ రంగు రాసి కౌంటర్ సొరుగులో దాచారు. "ఇచ్చినవాళ్ళు మర్చిపోయి ఇచ్చారేమో, అడిగితే?" అన్నారు. ఎవరూ రాలేదు. ఆ కవర్ ఇంకా ఆ సొరుగులోనే ఉంది.

పుస్తకాల్లో చదివినవి అక్కడ ఒక్కొక్కటే ఎలా బెడిసికొట్టాయో చెప్పాలి. సరుకు ఎంత తెప్పించాలో లెక్కగట్టే ఫార్ములా ఒకటుంది, 1913లో ఫోర్డ్ హారిస్ రాసింది, మా ఇన్వెంటరీ పాఠంలో మొదటిదే అది. పరీక్షలో ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను దాంట్లో. ఈ షాపులో దానితో పనేలేదు, ఎందుకంటే ఇక్కడ సరుకు మనం తెప్పించం, అదే వస్తుంది. అడగని రోజు ఇరవై సంచులొస్తాయి, ర్యాకులు ఖాళీగా ఉన్న వారం ఒక్కటీ రాదు. ఊరికే వచ్చిన సరుకు కదా, ఖర్చేముంది అనుకుంటాం, కానీ విప్పాలి, చూడాలి, తగిలించాలి, అమ్ముడుపోకపోతే మళ్ళీ దింపాలి, దేనికైనా మనిషి గంటలు పోవాల్సిందే. మన చేతిలో ఉన్నవి రెండే, ఎంత త్వరగా ఏరతాం, ఎంత త్వరగా వదిలించుకుంటాం. అందుకే రంగు ట్యాగులు. వారానికో రంగు, ఈ వారం పెట్టిన ప్రతిదానికీ అదే రంగు, నాలుగో వారం వచ్చేసరికి ఆ రంగుకి సగం ధర, అప్పటికీ పోకపోతే ర్యాకు మీంచి తీసెయ్యడమే. ఏ చొక్కా ఎన్నాళ్ళుగా వేలాడుతోందో తెలియడానికి కంప్యూటర్ అక్కర్లేదు, గుమ్మంలో నిలబడి చూస్తే చాలు. ఇంత చిన్న ఉపాయం ఇంత బాగా పనిచేస్తుందని నాకెవరూ క్లాసులో చెప్పలేదు.

నిజానికి సరుకు ఇలా మీద వచ్చిపడటం కొత్తేమీ కాదు, ఇలాంటి షాపుల్లో బాగా పేరున్న ఒకదాని కథ అలాగే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గ్రీసు కోసమని ఆక్స్‌ఫామ్ అనే బ్రిటన్ సేవా సంస్థ వాళ్ళు విరాళాలు అడిగితే అవసరానికి మించి సామాన్లు వచ్చిపడ్డాయట, వాటిని ఏం చెయ్యాలో తెలియక 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్ స్ట్రీట్ మీద షాపు తెరిచారు. మా వెనక గదిలో సంచులు నడుములెత్తు పేరుకుపోయి టెన్షన్ పడిన రోజున ఇది గుర్తొచ్చి కాస్త ఊరటగా అనిపించింది, డెబ్భై ఏళ్ళు దాటినా ఇదే గొడవ అన్నమాట.

సరే, ఇక నా ఘనకార్యం.

రెండు నెలలు గడిచాక సార్టింగ్, షిఫ్టుల లిస్టు నాకు అప్పజెప్పారు. పద్నాలుగు మంది వాలంటీర్లు, అందులో సగం మంది మా అమ్మ వయసువాళ్ళో ఇంకా పెద్దవాళ్ళో. నేనేమో పుస్తకం జ్ఞానంతో ఊగిపోతున్నాను. ఎవరు గంటకి ఎన్ని బట్టలు చూస్తున్నారో వారంపాటు లెక్క రాసుకుని, పేర్లతో చార్టు గీసి, అందరికీ కనపడేలా గోడకి అంటించాను. మొదటి ముగ్గురి పక్కన స్టార్లు కూడా పెట్టాను. అట్టడుగున గుండీల ఆంటీ.

ఆంటీ పనేంటంటే, బాగుచేసే కుప్పలోవి ఆవిడ దగ్గరకి వెళ్తాయి. పక్కన ఒక రేకు డబ్బా నిండా గుండీలు. రీసైక్లింగ్‌కి పోయే ప్రతి చొక్కాకీ గుండీలు కత్తిరించి అందులో వేసుకుంటారు. చొక్కాకి ఒక గుండీ ఊడిపోయి ఉంటే ఆ డబ్బాని పళ్ళెంలో బోర్లించి వేలితో కదుపుతూ కదుపుతూ సరిగ్గా దాని జోడీ ఏరతారు. దొరక్కపోతే కాలర్ దగ్గరి గుండీ తీసి కింద కుట్టి, ఎవరికీ కనపడని పైచోట వేరేది కుడతారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, దారం కొసని పెదాలతో తడిపి, ఒక్కసారికి సూదిలో ఎక్కించేస్తారు. ఇదంతా నేను రోజూ చూస్తూనే ఉన్నాను, చూస్తూనే గంటకి మూడు అని రాసుకున్నాను.

ఆవిడ చార్టు చూశారు, ఏమీ అనలేదు. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారం ఇంకో ఇద్దరు మానేశారు, స్టార్ వచ్చినవాళ్ళలో ఒకరితో సహా. సంచులు పేరుకుపోయాయి.

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆంటీ కుర్చీ చూపించి "ఇవాళ నువ్వు ఇక్కడ కూర్చో" అన్నారు, అంతే. నాలుగు గంటల షిఫ్టులో నేను బాగుచేసినవి ఐదు. అందులో ఒకదానికి గుండీ కుట్టి, చొక్కా ముందు భాగాన్ని వెనక భాగంతో కలిపి కుట్టేశానని తర్వాత తెలిసింది. సాయంత్రం మేడమ్ పక్కన కూర్చుని అడిగారు, "ఆవిడకి మనం జీతం ఇస్తున్నామా? లేదు. రాకపోతే ఏం చెయ్యగలం? ఏమీ చెయ్యలేం. మరి ఇన్నేళ్ళుగా ఎందుకొస్తోందో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. మేనేజ్‌మెంట్ పుస్తకాలు రాసిన పీటర్ డ్రకర్ ఇదే విషయం 1989లో రాశాడు, వాలంటీర్లకి జీతం లేదు కాబట్టే చేసిన పనిలో తృప్తి ఇంకా ఎక్కువ దొరకాలని, స్వచ్ఛంద సంస్థల నుంచి వ్యాపారాలు నేర్చుకోవాల్సింది ఉందని. నేను ఆ పాయింట్ పరీక్షలో రాసి కింద గీత కూడా గీశాను! గోడ మీద స్టార్లు అంటిస్తున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఆ రాత్రి ఆంటీకి ఫోన్ చేశాను. సారీ చెప్పడానికి మూడు వాక్యాలు తయారుచేసుకున్నాను, మొదటిదే సగంలో ఆగిపోయింది. ఆవిడ కాసేపు ఊరుకుని "నా స్పీడెంతో చూశావు బాబూ, నా పనేంటో చూడలేదు" అన్నారు. తర్వాతి వారం వచ్చారు. వచ్చాక నాకు గుండీ కుట్టడం నేర్పారు, ముందు అది, మిగతా మాటలు తర్వాత. మానేసిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు. ఇంకొకరు రాలేదు, ఎన్నిసార్లు మెసేజ్ పెట్టినా జవాబు లేదు, వారికి ఇక్కడే ఇంకోసారి సారీ చెబుతున్నాను.

చార్టు పీకేశాను. ఇప్పుడు లెక్క వేరే రాస్తున్నాం, రీసైక్లింగ్‌కి పోవాల్సినవి ఎన్ని మళ్ళీ ర్యాకు ఎక్కాయని. పేర్లుండవు. షిఫ్టుల లిస్టు కూడా నేను తయారుచేసి గ్రూపులో పడేయడం మానేసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతున్నాను, గంటన్నర పడుతుంది, కానీ చెప్పకుండా డుమ్మా కొట్టేవాళ్ళు దాదాపు లేరు.

మేడమ్‌కి థాంక్స్, ఆ చార్టు నేను అంటిస్తుంటే చూసి కూడా ఆపనందుకు (అప్పుడే చూశారని నాకు ఈమధ్యే తెలిసింది, కాస్త కోపం కూడా వచ్చింది). క్యాష్ దగ్గర ఉండే అన్నకి థాంక్స్, షాపు మూసేటప్పుడు ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాకే అంకెలు చెప్పుకోవాలని, ఇది నమ్మకం లేక కాదు, రేపు తేడా వస్తే ఎవరి మీదా అనుమానం రాకుండా ఉండటానికని ఓపిగ్గా చెప్పినందుకు. పుస్తకాల ర్యాకు తమ్ముడికి థాంక్స్, నన్ను సార్ అనడం మానేసినందుకు. నా రిపోర్టు చదివి "ఇందులో నీ తప్పు రాయలేదేంటి" అని వెనక్కిచ్చిన మా గైడ్ గారికి కూడా, రాశాక రెండు మార్కులు తగ్గించినా సరే.

ఆంటీకి ఈ పోస్టు ఎవరైనా చదివి వినిపించండి, ఆవిడ ఫోన్లో ఇవన్నీ చూడరు. అలాగే నల్లదారం, తెల్లదారం రెండూ అయిపోయాయన్నారు కదా, శనివారం షిఫ్టుకి వస్తూ నేనే తెస్తానని చెప్పండి.