ఏడుసార్లు చాంపియన్‌ని వదిలేశారు

సంపాదకులకు,

గత ఆదివారం మీ క్రీడల పేజీలో ఇటలీ ఫుట్‌బాల్ మీద వచ్చిన వ్యాసం చదివాను. యువెంటస్, మిలాన్, ఇంటర్ జట్ల గురించి బాగా రాశారు. కానీ పాత చాంపియన్లను చెప్పేటప్పుడు ప్రో వెర్చెల్లి పేరే రాలేదు. ఇప్పుడు మూడో అంచెలో, సీరీ సిలో ఆడుతోంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదేమో. ఆ జట్టు ఏడుసార్లు ఇటలీ చాంపియన్: 1908, 1909, 1911, 1912, 1913, 1921, 1922. రాజధానిలో ఉన్న రోమా, లాజియో రెండూ కలిసి గెలిచినవి ఐదే.

నేను గుంటూరులో స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఫుట్‌బాల్ జట్లను తయారుచేయడమే నా ఉద్యోగంలో నాకు ఇష్టమైన పని. మా అమ్మాయి టూరిన్‌లో పీజీ చదువుతున్నప్పుడు చూడ్డానికి వెళ్లాం. మిలాన్ వెళ్లే రైల్లో కూర్చుంటే మధ్యలో వెర్చెల్లి వస్తుంది. మే నెల. రైలుకి రెండు పక్కలా నీళ్లు పెట్టిన వరి మళ్లు, గట్ల మీద కొంగలు. మా ఆవిడ "మనం తెనాలి దాటామా ఏంటండీ" అంది. ఐరోపాలో వరికి పేరున్న ప్రాంతం అది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయితే, పో నది నీళ్లు అక్కడి పొలాలకి తెచ్చే కావూర్ కాలవ 1866లో పూర్తయింది. ఊళ్లో జనం యాభై వేల లోపే. తెనాలిలో మూడో వంతు ఉంటారు. అంత చిన్న ఊరు దేశాన్ని ఏడుసార్లు ఎలా గెలిచిందన్నది నన్ను పట్టుకుని వదల్లేదు.

మొదట అది ఫుట్‌బాల్ క్లబ్బే కాదు. 1892లో పెట్టిన వ్యాయామశాల. కసరత్తు, కత్తిసాము నేర్పేవాళ్లు. 1903లో ఫుట్‌బాల్ విభాగం పెట్టారు. దాన్ని ముందుండి నడిపిన మార్చెల్లో బెర్తినెత్తి కత్తిసాములో ఆరితేరినవాడు. 1908లో జట్టుతో ఇటలీ టైటిల్ గెలిచాడు, అదే ఏడాది ఒలింపిక్స్ కత్తిసాము జట్టులో రజతం తెచ్చాడు. తర్వాత 1924లో, 1928లో స్వర్ణాలు. డాక్టర్‌గా కూడా పనిచేశాడు. ఒళ్లు గట్టిపడ్డాక బంతి ఇచ్చారు వాళ్లు. మనం ముందు బంతి ఇచ్చి, పిల్లాడు అరగంటకే ఆయాసపడితే తిడతాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1908 పోటీలో విదేశీ ఆటగాళ్లు వద్దన్నారు. దాంతో మిలాన్, జెనోవా, టొరినో తప్పుకున్నాయి. అందుకే ఆ మొదటి టైటిల్ తేలిగ్గా వచ్చిందనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. తర్వాత ఐదేళ్లలో గెలిచిన నాలుగింటి గురించి మాత్రం ఎవరూ అలా అనలేరు. అందరూ ఆ ఊళ్లో, చుట్టుపక్కల పుట్టి పెరిగిన కుర్రాళ్లే. తెల్ల చొక్కాలు. ఆరా, మిలానో, లియోనె ముగ్గురూ మైదానం మధ్యలో నిలబడితే అవతలి జట్టుకి దారి దొరికేది కాదట.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1910. ఆ ఏడు ప్రో వెర్చెల్లి, ఇంటర్ పాయింట్లలో సమానంగా నిలిచాయి. విజేత తేలడానికి ఏప్రిల్ 24న ఇంకో మ్యాచ్ పెట్టారు. ఆ రోజు వెర్చెల్లి ఆటగాళ్లు కొందరు సైన్యం పోటీల్లో ఆడాల్సి ఉంది. తేదీ మార్చమని అడిగారు. ఇంటర్ ఒప్పుకోలేదు, ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్యా మార్చలేదు. కోపంతో వెర్చెల్లి వాళ్లు పదిహేనేళ్ల లోపు పిల్లల్ని దింపారు. 10-3తో ఓడిపోయారు. ఇంటర్‌కి అదే తొలి టైటిల్.

తేదీ మార్చమనడం న్యాయమే. కానీ పెద్దవాళ్ల మీదికి పిల్లల్ని పంపడం తప్పు. పిల్లల్ని ఆడించినవాడిగా ఈ మాట గట్టిగా చెప్తున్నాను. మన దగ్గరా నిర్వాహకుల మీద కోపమొచ్చి జట్టుని మైదానంలోంచి బయటికి పిలిచిన మాస్టర్లని చూశాను. ఆ సాయంత్రం ఏడ్చేది పిల్లలే. అయినా వెర్చెల్లి పిల్లలు ఇంటర్ పెద్దాళ్ల మీద మూడు గోల్స్ వేశారు. క్లబ్బుని సస్పెండ్ చేయడంతో మే 15న ఇటలీ తన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఫ్రాన్స్‌తో ఆడినప్పుడు ఆ జట్టులో వెర్చెల్లి వాడు ఒక్కడూ లేడు. మూడేళ్లు తిరక్కుండా, 1913 మే 1న బెల్జియం మీద ఆడిన పదకొండు మందిలో తొమ్మిది మంది వెర్చెల్లి వాళ్లే. ఇటలీ 1-0తో గెలిచింది.

తర్వాత డబ్బు వచ్చింది. 1923లో ఫియట్ కార్ల కంపెనీ అన్యెల్లి కుటుంబం యువెంటస్‌ని చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది వెర్చెల్లి డిఫెండర్ విర్జినియో రొజెత్తా అటు వెళ్లిపోయాడు. ఆటగాళ్లకి డబ్బివ్వడం అప్పటి నియమాలకి విరుద్ధం కాబట్టి పెద్ద గొడవైంది. అయినా దారి తెరుచుకుంది. గోల్స్ వీరుడు సిల్వియో పియోలా 1930లో వెర్చెల్లి తరఫున పై అంచె సీరీ ఎలో మొదలుపెట్టాడు. 1933లో ఫియొరెంటీనా మీద ఒకే మ్యాచ్‌లో ఆరు గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది లాజియో తీసుకుపోయింది. 1935లో ప్రో వెర్చెల్లి కింది అంచెకి జారిపోయింది, మళ్లీ సీరీ ఎ ముఖం చూడలేదు. పియోలా 1938 ప్రపంచ కప్ ఫైనల్లో హంగెరీ మీద రెండు గోల్స్ వేశాడు. 274 గోల్స్‌తో సీరీ ఎలో ఈ రోజుకీ అతనిదే రికార్డు. ఊళ్లో స్టేడియానికి అతని పేరే పెట్టుకున్నారు.

2010లో అప్పుల పాలై పాత క్లబ్బు ఆగిపోయింది. అదే ఊళ్లో ప్రో బెల్వెడెరె అనే రెండో క్లబ్బుంది. పెద్ద క్లబ్బు నీడలో ఆడినవాళ్లు. వాళ్లు తమ పేరు వదులుకుని ప్రో వెర్చెల్లి పేరు, తెల్ల చొక్కా తీసుకున్నారు. రెండేళ్లకే, 64 ఏళ్ల తర్వాత, ఆ పేరు మళ్లీ రెండో అంచె సీరీ బికి వచ్చింది. తర్వాత జారింది, ఎక్కింది, 2018లో మళ్లీ జారింది. ఆ ఏడు టైటిళ్లకంటే, పక్క క్లబ్బు వాళ్లు చేసిన ఈ పనే నాకు గొప్పగా కనిపిస్తుంది.

మన ఊళ్లోనూ ఒకప్పుడు బాగా ఆడిన జట్లుండేవి. నేను జట్టుని తీసుకెళ్లే మైదానం ఇప్పుడు ఏడాదిలో సగం రోజులు ఎగ్జిబిషన్లకి, సభలకి ఇస్తున్నారు. గుంజలు పాతిన గుంతలు అలాగే ఉంటాయి, పిల్లల కాళ్లు మెలికపడతాయి. అప్పట్లో నాతో ఆడినవాళ్లలో చాలామంది పోయారు. ఎవరు ఏ ఏడాది ఏ కప్పు గెలిచారో ఎక్కడా రాసి లేదు. మీ పేపర్లో మాత్రం జిల్లా స్కూలు టోర్నీ ఫైనల్ గురించి "ఫలానా స్కూలు జట్టు గెలిచింది" అని ఒక లైను, పక్కన కప్పు ఇస్తున్న ముఖ్య అతిథి ఫోటో వస్తుంది. పిల్లల పేర్లు ఉండవు.

ఈసారి టోర్నీ ఫైనల్ ఆడే రెండు జట్లలో ప్రతి పిల్లాడి పేరూ ఇంటి పేరుతో సహా వేయండి. గోల్ ఎవరు కొట్టారో, ఏ నిమిషంలో కొట్టారో వేయండి. చోటు లేకపోతే అతిథి ఫోటో చిన్నది చేయండి. స్కోరు షీటు దగ్గర కూర్చుని అక్షరం తప్పు లేకుండా రాసి, అదే రాత్రి మీ గుంటూరు ఆఫీసులో నేనే ఇచ్చి వెళ్తాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు