కుంగుబాటులో నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర

సంపాదకులకు,

కుంగుబాటును కేవలం సెరొటోనిన్ (నాడీకణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) లోపంగా వివరించే వ్యాసాలు ఇంకా వస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను. రక్తనాళాలను సడలించే సంకేతంగా నైట్రిక్ ఆక్సైడ్‌ను గుర్తించినందుకు 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది. అదే వాయువు మెదడులో, ఎన్‌ఎండీఏ గ్రాహకాల (నాడీకణాల పొరపై సంకేతాలను అందుకునే ప్రోటీన్ల) ద్వారా కాల్షియం నాడీకణంలోకి ప్రవేశించినప్పుడు తయారై, పొరుగు కణాలకు వ్యాపించి, జ్ఞాపకాలు స్థిరపడటానికి తోడ్పడుతుంది. మితిమీరితే మాత్రం సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర రసాయనంగా మారి, ఆ నాడీకణాలనే దెబ్బతీస్తుంది. దాని ఉత్పత్తిని అణచే రసాయనాలు ఎలుకల్లో కుంగుబాటు లక్షణాలను తగ్గించినా, అతిగా అణచివేస్తే నేర్చుకునే శక్తి దెబ్బతినవచ్చు. చికిత్సకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందుకే ఈ వాయువును పెంచే గుళికలను మనోవ్యాధికి మందుగా చెప్పడం ఆందోళనకరం. కుంగుబాటు మందులను వైద్యులను అడగకుండా మానేసి వీటిని ఆశ్రయించవద్దని మీ ఆరోగ్య పేజీలో స్పష్టంగా రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు